ఏ అంతర్జాతీయ పియానో పోటీకి వెళ్ళాలి: షోపానా, క్లైబర్నా, బ్రసెల్సా, లీడ్సా, ఇవేవీ కాదా?

"గ్రేడ్ 8 డిస్టింక్షన్‌లో పాసయ్యాడండీ, ఇక ఏ ఇంటర్నేషనల్ కాంపిటీషన్‌కి పంపమంటారు?" పియానో నేర్పేవాళ్ళకి ఈ ప్రశ్న బాగా అలవాటు. హైదరాబాద్ నుంచి అడుగుతారు, డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే మనవాళ్ళూ అడుగుతారు, ఈ మధ్య నలభై దాటిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు పిల్లల కోసం కాకుండా తమ కోసమే అడుగుతున్నారు. ముగ్గురికీ జవాబు వేరు. ఎంచుకునే పద్ధతి మాత్రం ఒకటే, అది ముందు చెప్పేస్తా.

పెద్ద పోటీలకి వెళ్ళేవాళ్ళలో దాదాపు అందరూ మధ్యలోనే ఇంటికొచ్చేస్తారు. 2022లో టెక్సాస్‌లో జరిగిన క్లైబర్న్ పోటీకి 388 మంది అప్లై చేశారు, అందులో 72 మందిని ఆడిషన్‌కి పిలిచారు, 30 మంది అసలు పోటీలోకి వచ్చారు, ఫైనల్‌కి ఆరుగురు మిగిలారు. అప్లై చేసిన వాళ్ళలో ఏ ఒక్కరూ పియానో రానివాళ్ళు కాదు, చాలామంది పేరున్న కన్సర్వేటరీల్లో (సంగీత కళాశాలల్లో) చదువుతున్నవాళ్ళే. కాబట్టి ఏ పోటీ గొప్పది, ఏ పోటీకి ప్రైజ్ మనీ ఎక్కువ అనే లెక్కలు పక్కన పెట్టి, "మొదటి రౌండ్‌లోనే బయటికొచ్చేస్తే, ఈ పోటీ కోసం రెండేళ్ళు చేసిన సాధనలో నాకు ఏం మిగులుతుంది?" అని అడగండి. నా వరకు పోటీని ఎంచుకునే కొలబద్ద ఇదే. మిగిలినవి దీని తర్వాత.

గ్రేడ్ 8 గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్దాం, కొంచెం చేదుగా ఉంటుంది. గ్రేడ్ 8 అంటే బ్రిటిష్ బోర్డులు పెట్టే పియానో పరీక్షల వరసలో ఆఖరిది: కొన్ని పీసులు, ఇంకొన్ని పరీక్షలు. మంచి పునాది, కాదనను. కానీ పెద్ద పోటీల్లో మొదటి రౌండ్‌కే ఇరవై పాతిక నిమిషాల నుంచి నలభై నిమిషాల దాకా ఒక్కళ్ళే, కాయితం చూడకుండా, షోపాన్ ఎట్యూడ్లు, బల్లాడ్లు, బీతోవెన్ సొనాటాల స్థాయిలో వాయించాలి. ఆ రౌండ్ దాటితే మర్నాడో ఆ మర్నాడో ఇంకో గంట ప్రోగ్రామ్ సిద్ధంగా ఉండాలి. గ్రేడ్ 8కీ దీనికీ మధ్య చాలా ఏళ్ళ దూరం ఉంది, ఆ దూరంలో వేసుకోదగ్గ చిన్న మెట్ల గురించి కింద రాస్తాను.

షోపాన్ పోటీ: ఒక్క మనిషి సంగీతంతో ఐదేళ్ళు ఉండగలరా?

పోలండ్ స్వరకర్త షోపాన్ పేరు మీద ఆ దేశ రాజధాని వార్సాలో 1927లో మొదలైంది, ఐదేళ్ళకోసారి జరుగుతుంది. కోవిడ్ వల్ల 2020ది 2021కి వాయిదా పడింది, తర్వాతది 2025 అక్టోబర్‌లో అయింది, అంటే ఇక 2030. వయసు 16 నుంచి 30 మధ్య ఉండాలి. మొదట వీడియో పంపాలి, అది నచ్చితే వసంతంలో వార్సాలో ప్రిలిమినరీ, అది కూడా దాటితే అక్టోబర్‌లో మూడు దశలు, ఆపైన ఆర్కెస్ట్రాతో ఫైనల్. కొన్ని పెద్ద పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నవాళ్ళకి ప్రిలిమినరీ అక్కర్లేదు. 2025లో మొదటి బహుమతి 60,000 యూరోలు.

దీని ప్రత్యేకత అందరికీ తెలిసిందే, మొదటి నుంచి చివరి దాకా షోపాన్ తప్ప వేరే ఎవరి సంగీతమూ ఉండదు. ఎట్యూడ్, నాక్టర్న్, వాల్ట్స్, బల్లాడ్, ప్రెల్యూడ్లు, పొలోనేజ్, మజుర్కాలు, సొనాటా, ఆఖర్న ఇ మైనర్ గానీ ఎఫ్ మైనర్ గానీ కాన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ జ్యూరీ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఈ నోట్స్ జీవితమంతా వాయించినవాళ్ళు, వేళ్ళు ఎంత వేగంగా పరిగెత్తినా వాళ్ళకి లెక్కలోకి రాదు. మజుర్కాల (పోలండ్ జానపద నాట్యం నడకలో రాసిన చిన్న రచనల) దగ్గర చాలామంది దొరికిపోతారు. టెక్నిక్ పరంగా అంత కష్టంగా కనిపించవు, మూడు బీట్లలో బరువు ఎక్కడ పడాలో మాత్రం పుస్తకం చూసి వచ్చేది కాదు. కచేరీలో సంగతి ఎక్కడ నెమ్మదించాలో నొటేషన్ చెప్పదు కదా, అలాంటిదే.

జ్యూరీ అభిరుచి ఇక్కడ ఎంత పెద్ద విషయమో చెప్పాలంటే 1980 సంగతి చెప్పాలి. ఐవో పోగోరెలిచ్‌ని ఫైనల్‌కి రానివ్వలేదు, అందుకు నిరసనగా 1965 విజేత మార్తా ఆర్గెరిచ్ జ్యూరీ నుంచి తప్పుకుంది, ఆ గొడవతోనే పోగోరెలిచ్ ప్రపంచమంతా తెలిసిపోయాడు. అదే ఏడాది గెలిచిన డాంగ్ థాయ్ సన్ వియత్నాంవాడు, ఈ పోటీ గెలిచిన మొట్టమొదటి ఆసియా పియానిస్టు. "ఇవన్నీ యూరప్ వాళ్ళకండీ, మనకెక్కడ" అనేవాళ్ళు ఆయన కథ చదవాలి, చిన్నతనమంతా యుద్ధంలోనే గడిచింది. అయితే రెండో సగం కూడా చదవాలి: ఆయన పోటీకి ముందు కొన్నేళ్ళు మాస్కో కన్సర్వేటరీలో చదివాడు. ముందు గురువు, తర్వాత పోటీ. 2021లో గెలిచిన బ్రూస్ ల్యూ మళ్ళీ ఈ డాంగ్ థాయ్ సన్ శిష్యుడే. ఇంకో సంగతి, 1990లోనూ 1995లోనూ ఎవరికీ మొదటి బహుమతి ఇవ్వలేదు, అర్హులు లేరనుకుంటే ఇవ్వరు, అంతే.

మరి ఓడిపోతే ఏం మిగులుతుంది? షోపాన్ మిగులుతుంది, బోలెడంత. కానీ బాహ్, బీతోవెన్, మోట్జార్ట్, ఇరవయ్యో శతాబ్దం సంగీతం అన్నీ ఆ రెండేళ్ళు అటకెక్కుతాయి. ఆ తర్వాత వేరే పోటీకి వెళ్ళాలంటే దాదాపు కొత్తగా మొదలుపెట్టాలి. కాబట్టి షోపాన్ అంటే నిజంగా పిచ్చి ఉన్నవాళ్ళు, లేచిన దగ్గర్నుంచి అదే వాయించేవాళ్ళు వెళ్ళండి. "పెద్ద పేరు కదా" అని వెళ్ళేవాళ్ళకి నేను వద్దనే చెప్తాను.

క్లైబర్న్, క్వీన్ ఎలిజబెత్, లీడ్స్: ఒకే సాధన, మూడు తలుపులు

ఈ మూడిటినీ కలిపి చూడమనడానికి కారణం ఉంది. మూడిటిలోనూ ప్రోగ్రామ్ చాలావరకు మీ ఇష్టం. క్లైబర్న్ సెమీస్‌లో మోట్జార్ట్ కాన్చెర్టో వాయించాలి, బ్రసెల్స్ క్వీన్ ఎలిజబెత్ సెమీస్‌లో కూడా అంతే. ఫైనల్స్‌లో పెద్ద కాన్చెర్టో మూడు చోట్లా ఉంది. అంటే రెండు గంటల సోలో రెపర్టరీ (వాయించడానికి సిద్ధంగా ఉన్న రచనలు), ఒక మోట్జార్ట్, రెండు పెద్ద కాన్చెర్టోలు గట్టిగా వచ్చేస్తే కొద్ది మార్పులతో మూడు తలుపులూ తట్టొచ్చు. ఒకచోట కుదరకపోయినా ఆ సాధన ఇంకోచోట పనికొస్తుంది, కచేరీ ఇచ్చినా పనికొస్తుంది, మాస్టర్స్ ఆడిషన్‌కీ పనికొస్తుంది. నా కొలబద్దతో చూస్తే పదహారు, పద్దెనిమిదేళ్ళ సీరియస్ విద్యార్థికి ఇదే సరైన దారి, అసలు పోటీ ఇంకా నాలుగైదేళ్ళ తర్వాతే అయినా సరే.

ఇక మూడిటి మధ్య తేడాలు. క్లైబర్న్ టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 1962 నుంచి, నాలుగేళ్ళకోసారి జరుగుతోంది, వయసు 18 నుంచి 30. మాస్కోలో 1958లో చైకోవ్‌స్కీ పోటీ గెలిచొచ్చిన అమెరికన్ పియానిస్టు వాన్ క్లైబర్న్ పేరు మీద పెట్టారు. మొదటి బహుమతి లక్ష డాలర్లు, దానికి తోడు మూడేళ్ళ పాటు కచేరీలు ఇప్పించే మేనేజ్‌మెంట్. నన్నడిగితే ఆ రెండోదే అసలు బహుమతి, అదే సమయంలో అసలు బరువు కూడా అదే, ఎందుకంటే గెలిచిన మర్నాటి నుంచి ఊరూరా కచేరీలు ఇచ్చే ఓపికా రెపర్టరీ ఉండాలి. పోటీదారులు ఫోర్ట్‌వర్త్ కుటుంబాల ఇళ్ళల్లో ఉంటారు, ఆ ఇళ్ళకే పియానోలు తెచ్చి పెడతారు. హోటల్ గదిలో ఒంటరిగా టెన్షన్ పడేవాళ్ళకి ఇది చాలా పెద్ద ఊరట. కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యమై 2022లో జరిగిన పోటీని యున్‌చాన్ లిమ్ పద్దెనిమిదేళ్ళకే గెలిచాడు, సెమీస్‌లో స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ రాసిన ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్లు పన్నెండూ వరసగా వాయించి, ఫైనల్లో రఖ్మానినోవ్ మూడో కాన్చెర్టో వాయించాడు. 2025లో హాంకాంగ్‌కి చెందిన అరిస్టో షామ్ గెలిచాడు. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి ఇది గంట దూరం, 2029లో పిల్లల్ని తీసుకెళ్ళి ప్రిలిమినరీ రౌండ్లు హాల్లో కూర్చుని వినిపించండి, పోటీ చేసినా చేయకపోయినా.

క్వీన్ ఎలిజబెత్ పద్ధతి వేరు. నాలుగు విభాగాలు, పియానో, వయొలిన్, చెల్లో, గాత్రం, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి పియానోకి నాలుగేళ్ళు ఆగాలి. 2025లో నెదర్లాండ్స్‌కి చెందిన నికోలా మేయూసెన్ గెలిచాడు. 1938లో ఇది ఇంకా బెల్జియం వయొలిన్ విద్వాంసుడు ఇజాయి పేరుతో ఉన్నప్పుడు మొదటి పియానో పోటీ గెలిచింది ఎమిల్ గిలెల్స్. సెమీస్‌కి రెండు రిసైటల్ (సోలో కచేరీ) ప్రోగ్రాములు ఇవ్వాలి, ఏది వాయించాలో జ్యూరీ చెప్తుంది. అంటే రెండోది ఊరికే కాగితం నింపడానికి రాస్తే కుదరదు. ఫైనల్‌కి వచ్చిన పన్నెండు మందిని వాటర్లూలోని మ్యూజిక్ చాపెల్‌కి తీసుకెళ్ళి, ఫోన్లు తీసేసుకుని, అప్పటిదాకా ఎవరూ వినని కొత్త రచన చేతిలో పెడతారు, వారంలో సొంతంగా నేర్చుకుని ఆర్కెస్ట్రాతో వాయించాలి. గురువుకి ఫోన్ చేసి "మాస్టారూ ఈ చోట ఎలా" అని అడగడానికి లేదు. ఇలాంటి పరీక్ష నాకు చాలా ఇష్టం. టీచరు వాయించి చూపిస్తే గానీ ముందుకెళ్ళని పిల్లలకి ఇది పనికిరాదు, సొంతంగా స్కోర్ చదువుకునేవాళ్ళకి మాత్రం ఇక్కడ నిజమైన అవకాశం ఉంది. మొదటి బహుమతి డబ్బు 25,000 యూరోలు, క్లైబర్న్‌తో పోలిస్తే తక్కువ, యూరప్‌లో ఆ పేరుకున్న విలువ మాత్రం తక్కువేం కాదు. జ్యూరీ సభ్యులు తమలో తాము చర్చించుకోకుండా ఎవరి మార్కులు వాళ్ళు వేస్తారు. అందువల్ల ఒకరి గట్టి గొంతు ఫలితాన్ని మార్చేయదు, కాకపోతే అందరికీ కొంచెం కొంచెం నచ్చేవాళ్ళకి లాభించే పద్ధతి ఇది.

లీడ్స్ గురించి ఎక్కువ రాయను కానీ నాకు మనసులో అభిమానం దాని మీదే. ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊళ్ళో ఫానీ వాటర్‌మన్ అనే పియానో టీచరు ముందు నిలబడి మొదలుపెట్టిన పోటీ, మొదటిది 1963లో జరిగింది. మూడేళ్ళకోసారి, 2024లో కెనడాకి చెందిన జేడెన్ ఇజిక్-జుర్కో గెలిచాడు, తర్వాతది 2027. ఇక్కడ సెమీస్‌లో ఛాంబర్ మ్యూజిక్ ఉంటుంది, అంటే వేరే వాద్యకారులతో కలిసి వాయించాలి, వినాలి, తగ్గాల్సిన చోట తగ్గాలి. మన దేశంలో నేర్చుకున్న పిల్లలకి సాధారణంగా ఇదే తక్కువ, చిన్నప్పటి నుంచీ ఒంటరి సాధనే కాబట్టి. ఇంకో సంగతి: 1975 లీడ్స్‌లో గెలిచింది దిమిత్రి అలెక్సీవ్, రెండో బహుమతి మిత్సుకో ఉచిదాది, మూడోది పంచుకున్నవాళ్ళలో ఆంద్రాస్ షిఫ్ ఒకరు. ఈ ముగ్గురిలో మీరు ఎవరి రికార్డులు ఎక్కువ విన్నారో చూసుకోండి, బహుమతి వరసకీ తర్వాతి జీవితానికీ సంబంధం ఎంతో తెలుస్తుంది.

ఒక పోటీ ఓడిపోవడం లేదా నాలుగో స్థానం రావడం అంతటితో అయిపోయే వ్యవహారం కూడా కాదు. ఎరిక్ లూ 2015 షోపాన్ పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు, 2018లో లీడ్స్ గెలిచాడు, మళ్ళీ వార్సా వెళ్ళి 2025లో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. అదే పోటీలో రెండో స్థానం వచ్చిన కెవిన్ చెన్ అప్పటికే జెనీవా, టెల్ అవీవ్ రూబిన్‌స్టైన్ పోటీలు గెలిచినవాడు. పై స్థాయిలో చాలామంది ఇలా ఒకచోట నుంచి ఇంకోచోటకి తిరుగుతూనే ఉంటారు.

చైకోవ్‌స్కీ సంగతి?

పేరు పెద్దదే, మాస్కోలో 1958 నుంచి ఉంది, 2011లో ట్రిఫోనోవ్, 2019లో కాంటరో గెలిచిన పోటీ. కానీ యుక్రెయిన్ మీద దాడి తర్వాత 2022లో అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్య దీన్ని సభ్యత్వం నుంచి తీసేసింది. 2023లో జరిగింది, సంగీతపరంగా స్థాయి పడిపోయిందని నేననను. అయితే యూరప్, అమెరికాల్లో కెరీర్ చూసుకునేవాళ్ళకి ఇప్పుడు ఆ బహుమతి ఇదివరకటిలా తలుపులు తెరవదు. భారత్ నుంచి మాస్కో వెళ్ళి చదవాలనుకునేవాళ్ళకి లెక్క వేరుగా ఉండొచ్చు. మిగతావాళ్ళు ప్రస్తుతానికి పక్కన పెట్టడం మేలు.

ఈ ఐదు పేర్ల కింద బోల్జానోలో బుసోని, జపాన్‌లో హమామత్సు, జెనీవా, సిడ్నీ లాంటివి చాలా ఉన్నాయి. పేరుకి "కింద" అన్నాను గానీ స్థాయికి కాదు, ఆర్గెరిచ్ 1957లో గెలిచింది బుసోని, జెనీవా పోటీలే. యమహా, కవాయ్ కంపెనీల ఊరైన హమామత్సు 2009లో గెలిచిన సియోంగ్-జిన్ చో ఆరేళ్ళ తర్వాత షోపాన్ పోటీ గెలిచాడు. ఇరవై, ఇరవై రెండేళ్ళ వయసులో కన్సర్వేటరీలో ఉన్నవాళ్ళు ముందు ఇలాంటి వాటితో మొదలుపెట్టడమే సహజమైన పద్ధతి.

పిల్లలకైతే

పదమూడు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకి క్లైబర్న్ వాళ్ళే నడిపే జూనియర్ పోటీ ఉంది, 2015లో మొదలైంది. జర్మనీలో ఎట్లింగెన్ పోటీ ఉంది, 1988 నుంచి, ఇందులో పదిహేనేళ్ళ లోపు వాళ్ళు ఒక గ్రూపు, ఇరవై లోపు వాళ్ళు ఒక గ్రూపు. లాంగ్ లాంగ్ చిన్నప్పుడు అక్కడ గెలిచాడు. ఇవి కూడా తేలికేం కాదు, అక్కడికొచ్చే పన్నెండేళ్ళ పిల్లలు వాయించేది చూస్తే మన గుండె కొంచెం జారుతుంది. అయినా వయసుకి తగ్గ నిడివి, వయసుకి తగ్గ ప్రోగ్రామ్ కాబట్టి పిల్లవాడిని నలిపేయదు, సాటి పిల్లలు ఎలా వాయిస్తున్నారో ప్రత్యక్షంగా చూస్తాడు, అదే పెద్ద లాభం.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకా ముందు మెట్లు ఉన్నాయి, రాష్ట్ర స్థాయి టీచర్ల సంఘాల పోటీలు, స్థానిక యూత్ ఆర్కెస్ట్రాల కాన్చెర్టో పోటీలు. ఇవి ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి అంత గొప్పగా కనపడవు, అందుకే మన తల్లిదండ్రులు దాటేసి "ఇంటర్నేషనల్" అని పేరున్నదాని కోసం చూస్తారు. నా సలహా తిరగేసి ఉంటుంది. ఆర్కెస్ట్రాతో ఒక్క మూవ్‌మెంట్ వాయించే అవకాశం దొరికే లోకల్ పోటీ, ఇంట్లో కూర్చుని వీడియో పంపితే మెడల్ వచ్చే ఇంటర్నేషనల్ పోటీ కన్నా ఎన్నో రెట్లు మేలు.

డబ్బు కట్టించుకుని బహుమతులిచ్చేవి

ఇప్పుడు ఆ వీడియో పోటీల మాట. అన్నీ మోసం అనను, కోవిడ్ సమయంలో మంచి పోటీలే ఆన్‌లైన్‌కి వెళ్ళాయి. కానీ కొన్నిటి వ్యాపారం ఇలా ఉంటుంది: ఎంట్రీ ఫీజు, పదిహేను వయసు విభాగాలు, ప్రతి విభాగంలో మొదటి బహుమతి నలుగురికి, ఆపైన "ప్లాటినం", "గ్రాండ్ ప్రీ", బహుమతి వచ్చాక ట్రోఫీకి విడిగా డబ్బు, ఇంకా కొంచెం కడితే న్యూయార్క్‌లో పేరున్న హాల్లో విజేతల కచేరీ. ఎంత పేరున్న హాలైనా అద్దెకిస్తారు, కార్నెగీ హాల్లో ఉన్న వైల్ రిసైటల్ హాల్ కూడా అద్దెకి దొరుకుతుంది, కాబట్టి అక్కడ వాయించడమూ అక్కడివాళ్ళు పిలవడమూ ఒకటి కాదు. పిల్లవాడికి సరదా, తాతయ్య అమ్మమ్మలకి వీడియో చూపించుకోవచ్చు అనుకుంటే వెళ్ళండి, తప్పేం లేదు, అదొక విహారయాత్ర అని తెలిసి వెళ్ళండి. కన్సర్వేటరీ ఆడిషన్ కమిటీలు ఆ సర్టిఫికెట్ చూసి ఏమీ అనుకోవు, వాళ్ళు వాయించింది వింటారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. జ్యూరీ సభ్యుల పూర్తి పేర్లు ముందే ప్రకటించారా, గత విజేతలు ఇప్పుడు ఎక్కడ కచేరీలు ఇస్తున్నారు, సొంత శిష్యులకి జ్యూరీ మార్కులు వేయకూడదనే నియమం ఉందా, మొదటి బహుమతి ఎప్పుడైనా ఇవ్వకుండా వదిలేశారా. చివరిది నాకు బాగా నచ్చే పరీక్ష. ఇంకా సందేహం ఉంటే జెనీవాలో ఉన్న అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్య సభ్యుల జాబితా చూడండి, లేదా హేగ్‌లోని అలింక్-ఆర్గెరిచ్ ఫౌండేషన్ వాళ్ళు పియానో పోటీల వివరాలు ఏళ్ళ తరబడి సేకరిస్తున్నారు, అక్కడ వెతకండి.

ఉద్యోగం చేసుకుంటూ వాయించేవాళ్ళకి

ఇది చాలామందికి తెలియని తలుపు. క్లైబర్న్ వాళ్ళు 1999 నుంచి అమెచ్యూర్ పోటీ కూడా నడుపుతున్నారు, ముప్పై ఐదేళ్ళు నిండి, పియానోతో జీవనం గడపనివాళ్ళకి. 2011లో గెలిచినాయన గ్యాస్ట్రో డాక్టరు, 2016లో గెలిచినాయన దంత వైద్యుడు. పారిస్‌లో కూడా ఇలాంటిదే 1989లో మొదలైంది. స్థాయి చూసి బెదిరిపోతారు, ఎందుకంటే అక్కడికొచ్చేవాళ్ళలో యవ్వనంలో కన్సర్వేటరీలో చదివి తర్వాత వేరే వృత్తిలోకి వెళ్ళినవాళ్ళు ఉంటారు. కానీ వాతావరణం వేరు, అక్కడ ఎవరి అన్నం గిన్నే పోటీ ఫలితం మీద ఆధారపడి లేదు. రోజుకి గంటన్నర దొరికే మనిషి ఏడాదిన్నరలో ఒక మంచి అరగంట ప్రోగ్రామ్ తయారుచేసుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనపడదు, ఇక్కడ ఓడిపోతే మిగిలేదే ఎక్కువ.

ఏది ఎంచుకున్నా ముందు చూసుకోవాల్సినవి

మన దగ్గర అతి పెద్ద ఇబ్బంది వాద్యమే. చాలామంది డిజిటల్ పియానో మీద నేర్చుకుంటారు, అక్కడ ఎదురుగా ఉండేది తొమ్మిది అడుగుల కాన్సర్ట్ గ్రాండ్. పెడల్ సగం నొక్కితే ఏమవుతుంది, హాలు చివరిదాకా పియానిస్సిమో (అతి మెల్లగా వాయించిన స్వరం) ఎలా వెళ్తుంది, ఇవేవీ హెడ్‌ఫోన్లలో తెలియవు. షోపాన్ పోటీలో స్టైన్‌వే, యమహా, కవాయ్, ఫాజియోలి లాంటి పియానోల్లోంచి పదిహేను నిమిషాల్లో మీది ఎంచుకోవాలి, నాలుగు రకాల గ్రాండ్ల మీద ఎప్పుడూ చెయ్యి పెట్టని మనిషి ఆ పదిహేను నిమిషాల్లో ఏం తేల్చుకుంటాడు? కాబట్టి ఇంట్లో డిజిటలే ఉన్నా నెలకి కొన్ని గంటలైనా మంచి గ్రాండ్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోండి, మ్యూజిక్ స్కూలో, హోటలో, చర్చో, పియానో షోరూమో, మొహమాటపడకుండా అడగండి.

రెండోది ఆర్కెస్ట్రా. హైదరాబాద్‌లో కాన్చెర్టో వాయించడానికి ఆర్కెస్ట్రా దొరకడం కష్టం, దేశంలో పూర్తి స్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అంటే ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియానే గుర్తొస్తుంది. కనీసం రెండో పియానో మీద ఆర్కెస్ట్రా భాగం వాయించే మనిషితో నెలల తరబడి సాధన చేయాలి, రికార్డింగ్‌తో పాటు వాయిస్తే అలవాటయ్యేది రికార్డింగే, ఎదుటి మనుషులు కాదు. 2019 చైకోవ్‌స్కీ ఫైనల్లో చైనాకి చెందిన ఆన్ టియాన్షు చైకోవ్‌స్కీ కాన్చెర్టో మొదలవుతుందనుకుని కూర్చుంటే, ఆర్కెస్ట్రా రఖ్మానినోవ్ పగనీని రాప్సొడీ ఎత్తుకుంది, రెండిటి వరస తారుమారైంది. ఆ రాప్సొడీలో పియానోకి ఊపిరి తీసుకునే టైమే ఉండదు, అయినా అందుకుని చివరిదాకా వాయించాడు. నాలుగో బహుమతితో పాటు ధైర్యానికి ప్రత్యేక బహుమతి కూడా ఇచ్చారు.

వీడియో గురించి. ఎడిటింగ్ లేకుండా, ఒక పీసు మధ్యలో కట్ లేకుండా, చేతులు, కీబోర్డు, ముఖం కనపడేలా తీయాలనే నియమం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. రికార్డింగ్ రోజు పొద్దున్నే ట్యూనింగ్ చేయించండి, వానాకాలంలో మన తేమకి ముందు వారం చేసిన ట్యూనింగ్ నిలవదు. ఏసీ ఆపి, ఫ్యాను ఆపి తీయండి, పక్కింటి కుక్కర్ విజిల్ కూడా జ్యూరీ వింటుంది. కెమెరా కన్నా మైకు మీద డబ్బు పెట్టండి, టైల్స్ గదిలో కాకుండా కర్టెన్లు, పుస్తకాలు ఉన్న గదిలో అయితే శబ్దం గంటలా మోగదు.

డబ్బు, వీసా లెక్కలు అప్లికేషన్ పెట్టకముందే వేసుకోవాలి. ఎంట్రీ ఫీజు సాధారణంగా తిరిగి ఇవ్వరు. రూల్స్ పుస్తకంలో వసతి, ప్రయాణం ఎవరిది అనే భాగం, ఎన్ని రౌండ్ల దాకా వసతి ఇస్తారు అనే వాక్యం తప్పకుండా చదవండి, రౌండ్ దాటని రోజున ఎక్కడ పడుకోవాలో తెలిసుండాలి. వార్సాకీ బ్రసెల్స్‌కీ షెంగెన్ వీసా, లీడ్స్‌కి బ్రిటన్ వీసా, ఫోర్ట్‌వర్త్‌కి అమెరికా వీసా. పోటీ వాళ్ళ ఆహ్వాన పత్రం రాగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. అమెరికా వీసా ఇంటర్వ్యూ కోసం చాలా నెలలు ఆగాల్సి వచ్చే రోజులు కూడా ఉంటాయి, కాబట్టి ఆడిషన్ పిలుపు వస్తుందన్న నమ్మకం ఏమాత్రం ఉన్నా అవసరమైన వీసా ముందే తీసుకుని పెట్టుకున్నవాళ్ళు ఆ నెలలు ప్రశాంతంగా సాధన చేసుకుంటారు.